రాజమండ్రి పోలీసు సభలో ఓబులేసు మామ

ఒక ఫోను

పొద్దున పదింటికి పోలీసులు ఫోను చేసి, "మీ మామయ్య ఓబులేసు గారి గురించి ఒక విషయం తెలియాలండి" అన్నారు. నాకు ఓబులేసు అనే మామే లేడు. ఇక నా పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నేను అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊళ్లో తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. ఇన్నేళ్లలో నేను చేసిన నేరం ఒక్కటే, మైకు కనపడితే వదలను. పక్కనున్న మా ఆవిడ నా ముఖం చూసి, "ఏం చేసినారు? చెప్పండి, ఏం చేసినారు?" అని గొంతు తగ్గించి అడిగింది. నేను చేత్తో ఆగమన్నాను.

"ఏ ఓబులేసండీ?" అన్నాను ఫోనులో.

"అదేనండి, పెళ్లికి వెళ్తే చెప్పులు పోయాయి కదండి. ఆ ఓబులేసు గారు. పదకొండేళ్ల కిందట మీ ఊరి కాలేజీ గ్రౌండులో తమరే చెప్పారు."

అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో మంత్రిగారి సభ. ఆయన రెండు గంటలు ఆలస్యం. జనం లేచి పోతున్నారని నిర్వాహకులు నన్ను మైకు ముందుకి తోశారు. నోటికొచ్చిన కథ ఒకటి మొదలుపెట్టాను. మా మామ ఓబులేసు పెళ్లికి వెళ్లాడు, బయట విడిచిన చెప్పులు ఎవడో తొడుక్కుపోయాడు, వాడి వెంటపడి మామ బస్సెక్కాడు, వాడు ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లింట్లోకి దూరాడు, మామ కూడా దూరి, చెప్పులు మళ్లీ చేజారకుండా పంక్తిలో వాడి పక్కనే కూర్చున్నాడు. విస్తరేశారు. ఇంతలో ఒక పెద్దమనిషి వచ్చి, "తమరు ఎవరి తరఫు? మగపెళ్లివారా, ఆడపెళ్లివారా?" అని అడిగాడు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి సైరను మోగింది, మంత్రిగారు దిగారు, నిర్వాహకులు నా చేతిలోని మైకు లాక్కున్నారు.

"ఆ రోజు మమ్మల్ని గోదావరి జిల్లాల నుంచి బందోబస్తుకి పంపారండి. స్టేజీకి వీపు పెట్టి నిలబడి విన్నాను. సైరను మోగగానే రోడ్డు మీదకి పొమ్మన్నారు. ఓబులేసు గారు ఏమని చెప్పారండి?"

'నాకూ తెలియదు నాయనా, నేనింకా కల్పించుకోలేదు' అని ఉంటే సరిపోయేది. కానీ పదకొండేళ్లు నా కథ గుర్తుపెట్టుకున్న మనిషి దొరికాడన్న గర్వం తలకెక్కింది. "అది ఫోనులో చెప్పేది కాదండి" అన్నాను.

"ఆయ్! అందుకేనండి తమరిని రమ్మంటున్నది."

ఆయన పేరు సత్యనారాయణ గారు. ఏఎస్సై. అక్కడి పోలీసు అధికారుల సంఘానికి సెక్రటరీ. సంఘం వార్షిక మహాసభ రాజమండ్రిలో. ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. సభని నేనే ప్రారంభించాలట. మా ఆవిడకి చెబితే నమ్మలేదు. తీసుకుపోయి లోపల వేస్తారేమోనని రెండు జతల బట్టలు ఎక్కువ సర్దింది.

వంతెన మీద రూపాయి

రైలెక్కింది మొదలు మామ చేత ఏమనిపించాలా అని ఆలోచించాను. నంద్యాల దాటేలోపే నిద్రపోయాను. లేచేసరికి కిటికీ నిండా పచ్చదనం. కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కింది.

మా వైపు ఏరు అంటే ఇసక. పిల్లలు అందులో క్రికెట్టు ఆడతారు. బంతి పోతే వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది. ఇక్కడ రైలు పోతూనే ఉంది, నీళ్లు అయిపోవే! ఎదురుగా కూర్చున్న పెద్దావిడ పర్సు తీసి అందరికీ తలా ఒక రూపాయి పంచింది. "గోదారి తల్లికి వేసి ఏదైనా కోరుకోండి బాబూ" అంది. నేను కథకి ముగింపు కావాలని కోరుకుని విసిరాను. అది వంతెన కమ్మీకి తగిలి ఠంగుమని తిరిగి వచ్చి నా కాళ్ల దగ్గరే పడింది.

"పర్లేదులెండి, ఇంకోసారి వేయండి" అంది ఆవిడ. అప్పటికి వంతెన అయిపోయింది.

జీపులో నడిమి సీటు

స్టేషనులో సత్యనారాయణ గారు నన్ను చూసి సెల్యూట్ కొట్టారు. పొట్టి మనిషి, నెరిసిన మీసం. ఎంత మర్యాదగా మాట్లాడతారంటే, తిట్టినా ఇంటికి వచ్చాక గానీ తెలియదు. జీపు డ్రైవరు నూకరాజుది తుని. సభకి వచ్చేవాళ్లకి పూతరేకులు తేవడానికి ఆత్రేయపురం వెళ్తున్నారు, నన్నూ ఎక్కించుకున్నారు. వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్లు. అతిథికి ఎండ తగలకూడదని నన్ను నడుమ కూర్చోబెట్టారు.

నాలుగు రోజుల గడ్డం, నలిగిన చొక్కా, చెరో పక్క పోలీసు. ధవళేశ్వరం దాటేసరికి నాకు విషయం అర్థమైంది. రోడ్డు మీద వాళ్లందరూ నా వైపే చూస్తున్నారు. సైకిలు మీద పోయే ఒకాయన దిగి మరీ చూశాడు. నేను నేరస్థుణ్ని కాదని తెలియడానికి నవ్వాను. దాంతో ఇంకా కరడుగట్టినవాడిలా కనిపించానేమో, పక్కనున్న పాపని ఆయన వెనక్కి లాక్కున్నాడు.

ఇక్కడ ప్రతివాళ్లనీ 'గారు' అంటారు. "దొంగని కూడా గారు అంటారా?" అని నూకరాజుని అడిగాను.

"ఛఛ, దొంగగారు అని ఎందుకంటామండి," అన్నాడు స్టీరింగు తిప్పుతూ. "ముద్దాయిగారు అంటాం."

కాలవ గట్టు మీద జీపు సాగుతుంటే సత్యనారాయణ గారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చెప్పారు. "ముప్పయ్యారేళ్ల సర్వీసండి. నేను వినని ఉపన్యాసం లేదు. చూసిన ఉపన్యాసం ఒక్కటీ లేదు. మాకు స్టేజీ వైపు తిరిగే రూలు లేదు కదండి. జనం వైపే చూడాలి. బుర్రకథ చెప్పేవాళ్ల గంతులు కూడా జనం ముఖాల్లోనే చూశాను. రేపటి సభకి డ్యూటీ చార్టు నేనే వేశానండి. నా పేరు ఎదుట 'నిల్' అని రాసుకున్నాను. మొదటి వరసలో కుర్చీ వేసుకుని, తమరి ముఖం చూస్తూ, ఓబులేసు గారు ఏమన్నారో వినాలి. అంతేనండి నా కోరిక."

నిజం చెప్పేయాలనిపించింది. కానీ రెండు పక్కలా పోలీసులు ఉండగా తప్పు ఒప్పుకోవడం అంత తేలిక కాదు.

ఆత్రేయపురంలో జాలి

పూతరేకు ఎలా చేస్తారో చూడనివాళ్ల కోసం చెబుతాను. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యపు పాలలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగుతారు. రెప్పపాటులో కాగితం లాంటి పొర లేస్తుంది. దాన్ని చేత్తో తీసి పక్కన పెడతారు. అక్కడున్న సుబ్బలక్ష్మి గారు మాటల్లోనే ఇరవై తీసేసింది. నన్నూ ఒకటి తీయమంది. నా రేకు ముప్పై ముక్కలై, అందులో ఒకటి నూకరాజు మీసం మీద వాలింది.

నెయ్యి, బెల్లం పొడి వేసి మడిచి చేతిలో పెడితే, పైనున్నది కాగితమనుకుని విప్పబోయాను. మడతలు విప్పుతూ పోతే చివరికి చేతిలో బెల్లం మాత్రం మిగిలింది. ఆవిడ నవ్వలేదు. పది ఉన్న పెట్టె రెండొందలట, నేను ఇంటికి రెండు పెట్టెలు కొంటానంటే డబ్బు తీసుకోలేదు. పోలీసులు పెట్టెలు ఎక్కిస్తుండగా నా చేతిలో ఇంకో నాలుగు పెట్టి, చుట్టూ చూసి, మెల్లగా అంది:

"తినండి బాబూ. అక్కడ ఏం పెడతారో ఏంటో. ఇంట్లో వాళ్లకి కబురు చేశారా?"

నేను సభకి ప్రారంభకుణ్నని ఎంత చెప్పినా, "అలాగేలెండి" అని కళ్లు తుడుచుకుంది.

పప్పులో రెండో మునక

ఆ మధ్యాహ్నం భోజనం సత్యనారాయణ గారింట్లో. మా వైపు 'చాలు' అంటే చాలు. ఇక్కడ చాలు అంటే ఇంకో గరిటె అని. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేస్తారు. పనసపొట్టు కూర, గుత్తి వంకాయ, ముద్దపప్పు, ఆవకాయ, దాని మీద నెయ్యి. రాగి సంగటికి అలవాటైన నా కడుపు ఇదంతా ఎవరి కడుపులోకో వెళ్తోందనుకుంది. రెండోసారి పప్పు వేసుకున్నాక కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయాను.

వడ్డిస్తూ వాళ్లావిడ నవ్వుతూ చెప్పింది. "పదకొండేళ్లుగా ఇదే గోలండి మాస్టారూ. ఏ పెళ్లికి వెళ్లినా, పంక్తిలో కూర్చోగానే నన్ను మోచేత్తో పొడుస్తారు. 'ఓబులేసు గారు ఏమని ఉంటారే?' అని. మా పెద్దమ్మాయి పెళ్లిలో మగపెళ్లివారు ఎవరో వచ్చి పలకరిస్తుంటే కూడా అదే ఆలోచన. రేపటితో నాకు విముక్తి."

సత్యనారాయణ గారు సిగ్గుపడి మజ్జిగ తాగారు. నేను ఆయన కళ్లలోకి చూడలేక గోంగూర పచ్చడి వైపు చూశాను.

గేటు దగ్గర

మర్నాడు పెసరట్టు ఉప్మా తిన్నాను. మా వైపు బొరుగులతో చేసే ఉగ్గాని బజ్జీకి ఇది సాటి రాదని మనసులో అనుకుంటూనే రెండోది తెప్పించుకున్నాను. నూకరాజు నన్ను సభ జరిగే కల్యాణ మండపం ముందు దింపి జీపు పెట్టడానికి వెళ్లాడు.

గేటు దగ్గర మేరీరత్నం అనే మహిళా కానిస్టేబులు చేతిలో లిస్టుతో నిలబడి ఉంది. కొత్తగా బదిలీ అయి వచ్చిందట. "పాసండీ?" అంది.

"నేను ప్రారంభకుణ్ని."

లిస్టు చూసింది. "ప్రారంభకులు ఎనిమిదిన్నరకే లోపలికి వెళ్లినట్టు టిక్కు ఉందండి."

"ఆ టిక్కు ఎవరో ముందే పెట్టి ఉంటారమ్మా. నేను ఇక్కడే ఉన్నాను కదా."

"టిక్కు ఉన్నాక తమరు లోపల ఉన్నట్టేనండి. మరి తమరు ఎవరి తరఫండి?"

రైల్లో, జీపులో, పప్పు అన్నంలో నన్ను వేధించిన ప్రశ్నే. నోరు తెరిచాను. జవాబుకి బదులు "నూకరాజూ!" అని కేక వచ్చింది. చివరికి నూకరాజు పరిగెత్తుకొచ్చి, "ఈయన మన ముద్దా... కాదు, మన అతిథిగారండి" అని లోపలికి తీసుకెళ్లాడు.

అగ్గిపెట్టె విడుదల

వేదిక మీద నిలువెత్తు ఇత్తడి దీపం. ఐదు వత్తులు, నిండా నూనె. వెలిగించమన్నారు. అగ్గిపెట్టె లేదు. భద్రత కోసం గేటు దగ్గరే అందరి అగ్గిపెట్టెలూ లైటర్లూ తీసేసుకున్నారట. మైకు వాడిదీ, వంటవాళ్లదీ, ఆఖరికి పూజారిగారి హారతి కర్పూరం కూడా పట్టుబడింది. పొయ్యి వెలగక వంటవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"ఒక్కటి తెప్పించండి" అన్నాను.

"తెప్పిస్తానండి, రిజిస్టరులో రాశారు కదా, విడుదల చేయాలంటే తీసుకునేవారి సంతకం కావాలి" అన్నారు ఒక ఎస్సైగారు చాలా బాధపడుతూ. రిజిస్టరు వేదిక మీదకి వచ్చింది. 'ఒక అగ్గిపెట్టె, సగం వాడినది, అందినది' అని రాసి సంతకం పెట్టాను. దీపం వెలిగింది. వెంటనే అగ్గిపెట్టె వెనక్కి తీసుకుని, మళ్లీ సంతకం పెట్టించుకున్నారు. ఆ మహాసభని నేను ఆ విధంగా ప్రారంభించాను.

మూడొందల వీపులు

అప్పుడు హాలు వైపు చూశాను. ఎర్ర గుడ్డ తొడిగిన కుర్చీలు వరసలు వరసలుగా ఉన్నాయి. అన్నీ ఖాళీ. సభ్యులందరూ వచ్చారు, కానీ గోడల వెంట, తలుపుల దగ్గర, కిటికీకి ఒకరు చొప్పున నిలబడ్డారు. అందరి వీపులూ నా వైపే. సభ వాళ్లది, పండగ వాళ్లది. అయినా మైకు శబ్దం వినగానే ఎవరి చోటు వాళ్లు ఎంచుకుని బందోబస్తుకి నిలబడిపోయారు.

మొదటి వరసలో మాత్రం ఒక్క మనిషి. కొత్త తెల్లచొక్కా, పక్కకి దువ్విన జుట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని, సినిమాకి వచ్చిన చిన్నపిల్లాడిలా నా ముఖం వైపే చూస్తున్నారు సత్యనారాయణ గారు.

"అందరూ దయచేసి కూర్చోండి" అన్నాను మైకులో. ఆర్డరు కాబట్టి వెంటనే పాటించారు. కుర్చీలు తిప్పి, తలుపుల వైపు ముఖం పెట్టి కూర్చున్నారు.

నాకిక దారి లేదు. వీపులకే కథ మొదలుపెట్టాను. చెప్పులు పోయిన దగ్గర ఒక వీపు కదిలింది. బస్సు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు భుజాల మీదుగా తొంగిచూశారు. చెప్పుల దొంగ టికెట్టు కూడా మామ చేతే కొనిపించాడని అప్పటికప్పుడు చేర్చాను. కుర్చీలు కిర్రుమని ఒక్కొక్కటే ఇటు తిరగడం మొదలైంది. నాకు సంతోషమూ భయమూ రెండూ పెరిగాయి. ముగింపు ఇంకా రాలేదు మరి. బస్సుని రెండు ఊళ్లు ఎక్కువ తిప్పాను. పంక్తిలో వంటకాలు లేనివి కూడా వడ్డించాను. పెద్దసారు, అంటే ముఖ్య అతిథిగా రావాల్సిన పెద్ద అధికారి, తొందరగా వస్తే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. నాకది సిగ్గుచేటే, అయినా చెబుతున్నాను.

"విస్తరి వేశారు. ఒక పెద్దమనిషి వచ్చాడు. 'తమరు ఎవరి తరఫు? మగపెళ్లివారా, ఆడపెళ్లివారా?' అని అడిగాడు..."

బయట విజిల్! నా మొక్కు ఫలించింది. కారు వచ్చింది. హాలంతా ఒక్క ఊపున లేచి నిటారుగా నిలబడింది. నేను హమ్మయ్యా అనుకుని మైకు వదిలేయబోయాను.

సత్యనారాయణ గారు లేవలేదు.

లేవబోయారు, నేను చూశాను. ముప్పయ్యారేళ్ల అలవాటు ఆయన మోకాళ్లని పైకి ఎత్తింది. ఆయన రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని మళ్లీ కూలబడ్డారు. కళ్లు మాత్రం నా మీద నుంచి తీయలేదు. పెద్దసారు నడవలోకి వచ్చేశారు. ముందు దారి చేస్తున్న మేరీరత్నం, యూనిఫాం లేని సెక్రటరీ గారిని ఎప్పుడూ చూసినది కాదు, వంగి కంగారుగా అడిగింది:

"లేవండి సార్, పెద్దసారు వస్తున్నారు. అసలు తమరు ఎవరి తరఫండి?"

"నేను కథ తరఫమ్మా," అన్నారు సత్యనారాయణ గారు. "కాస్త పక్కకి జరుగు తల్లీ, మాస్టారు కనపడటం లేదు."

పెద్దసారు ఆయన పక్కనే ఆగారు. ఆయన వైపు చూశారు, నా వైపు చూశారు. పెద్దసారు పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "కానివ్వండి మాస్టారూ" అన్నారు.

పదకొండేళ్లు రాని ముగింపు అప్పుడు వచ్చింది. దాన్ని నేను కల్పించలేదు, ఆ మొదటి వరసలోంచే అందుకున్నాను.

"మా మామ ఆ పెద్దమనిషి ముఖం చూసి, 'నేను చెప్పుల తరఫప్పా' అన్నాడండి. అని, పప్పు ఇంకో గరిటె వేయమన్నాడు."

ముందు పెద్దసారు నవ్వారు. దాంతో అందరికీ అనుమతి దొరికింది. లేచి నిలబడ్డవాళ్లు కుర్చీలు పట్టుకుని నవ్వారు. సత్యనారాయణ గారు మాత్రం చప్పుడు లేకుండా, భుజాలు కదులుతుంటే, కళ్లనీళ్లు కారుతుంటే నవ్వారు. కాసేపటికి ముఖం తుడుచుకుని, లేచి, పెద్దసారుకి సెల్యూట్ కొట్టి, మళ్లీ కూర్చున్నారు. మిగతా ఉపన్యాసాలన్నీ కూడా కూర్చునే విన్నారు. అవి అంత బాగాలేవు, అయినా ఒక్కదాన్నీ వదల్లేదు. పొయ్యి ఆలస్యంగా వెలిగింది కాబట్టి ఆ రోజు అందరం ఆకలితో వాటిని భరించాం.

ప్లాట్‌ఫాం

సాయంత్రం రైలు దగ్గరికి ఆయన యూనిఫాంలో వచ్చారు. నెలాఖరుకి ఇంకా ఆరు రోజులున్నాయట. నాకు కిటికీ సీటు చూపించి, నాలుగు పెట్టెల పూతరేకులు ఒళ్లో పెట్టి, దిగి కిటికీ ముందు నిలబడ్డారు. నిలబడటం నా వైపు వీపు పెట్టి, జనం వైపు చూస్తూ.

ఓబులేసు అనే మామ లేడని చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ వీపుని చూస్తే మనసొప్పలేదు. రైలు కదిలింది. నాలుగు అడుగులు పోయాక ఆయనకి ఏదో గుర్తొచ్చి గిరుక్కున ఇటు తిరిగారు.

"మాస్టారూ! ఇంతకీ ఆ చెప్పులు దొరికాయాండీ?"

"దొరికాయండీ!" అని అరిచాను. "ఇంటికి తెచ్చి చూసుకుంటే అవి మామవి కావు!"

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద వేసుకుని వంగి నవ్వారు. టోపీ కింద పడింది, తీసుకోలేదు. జనం ఆయన వెనక అటూ ఇటూ పోతూనే ఉన్నారు, ఆయన వాళ్ల వైపు చూడలేదు. ప్లాట్‌ఫాం అయిపోయేదాకా నాకు ఆయన ముఖమే కనపడింది.